శాఖా కార్యాలయపు లీజ్డ్ లైనుకు డయల్-అప్ బ్యాకప్ అమర్చే విధానం

లీజ్డ్ లైను (ప్రధాన కార్యాలయంతో ఎప్పుడూ కలిసి ఉండే అద్దె లైను) తెగిన రోజున శాఖా కార్యాలయంలో పని ఆగకుండా ఉండాలంటే ఒక టెలిఫోన్ లైను, ఒక మోడెం (ఫోను లైను మీద డేటా పంపే పరికరం), రౌటరులో (డేటాకు దారి చూపే పరికరంలో) కొన్ని ఆదేశాలు చాలు. నిజానికి డయల్ చేయించడం ఇందులో తేలికైన భాగం. అసలు లైను పోయిందని రౌటరు ఎలా గ్రహిస్తుంది, ఏ ప్యాకెట్టు (డేటా ముక్క) కోసం కాల్ చేస్తుంది, ఫోను ఎప్పుడు పెట్టేస్తుంది అనే మూడు ప్రశ్నలకు ముందే జవాబు నిర్ణయించుకోకపోతే, కావలసిన రోజున కాల్ వెళ్లదు, అక్కరలేని రోజుల్లో మాత్రం ఆగకుండా వెళ్తూనే ఉంటుంది. ప్రధాన కార్యాలయానికి 64 కేబీపీఎస్ (సెకనుకు కిలోబిట్లు) లీజ్డ్ లైను ఉన్న ఒక శాఖను, అక్కడి సిస్కో రౌటరును ఉదాహరణగా తీసుకుని ఈ పద్ధతిని వివరిస్తాను.

రౌటరు జోలికి వెళ్లే ముందు తీగలు ఏ దారిన వస్తున్నాయో చూడాలి. లీజ్డ్ లైను, టెలిఫోన్ లైను రెండూ ఒకే పిల్లర్ (వీధిలోని టెలిఫోన్ కేబుల్ పెట్టె) నుంచి, ఒకే కేబులులోని రెండు జతలుగా భవనంలోకి వస్తుంటే, రోడ్డు పనికి వచ్చిన జేసీబీ ఒక్క దెబ్బతో రెంటినీ తెంపుతుంది. వేరే దారి దొరకని చోట 4జీ సిమ్ము వేసిన రౌటరును బ్యాకప్పుగా పెట్టడం మేలు. ఫైబరు మీద ఇచ్చిన ల్యాండ్‌లైనులో మాట ఇంటర్నెట్ ప్యాకెట్లుగా మారి ప్రయాణిస్తుంది కనుక మోడెం కాల్ నిలకడగా ఉండదు. అక్కడా సిమ్మే దిక్కు. సాధనం మారినా కింద చెప్పే తర్కంలో చాలా భాగం మారదు.

ఐఎస్‌డీఎన్ (డిజిటల్ టెలిఫోన్) లైను ఉంటే ఒక్కొక్కటి 64 కేబీపీఎస్ చొప్పున రెండు చానళ్లు వస్తాయి, కాల్ ఒకటి రెండు సెకన్లలో కలుస్తుంది. మామూలు టెలిఫోన్ లైనులో మోడెములు ఒకదానినొకటి గుర్తించి వేగం కుదుర్చుకోవడానికే అర నిమిషం దాకా పట్టవచ్చు. మోడెం డబ్బా మీద 56 కే అని ఉన్నంత మాత్రాన ఆ వేగం రాదు. రెండు చివరలా అనలాగ్ లైనే ఉంటే గరిష్ఠం 33.6 కేబీపీఎస్. అంటే 5 ఎంబీ ఫైలు ఒక్కటి పంపితే దాదాపు 20 నిమిషాలు లైను మరెవరికీ అందదు. అందువల్ల బ్యాకప్ ఇంటర్‌ఫేసు (రౌటరుకు ఆ లైను కలిసే చోటు) మీద యాక్సెస్ లిస్టు (ఏ ప్యాకెట్లను అనుమతించాలో చెప్పే జాబితా) పెట్టి, లావాదేవీలకు కావలసిన సర్వర్లను మాత్రమే అనుమతించి, తక్కినవన్నీ ఆపివేయాలి.

రౌటరులో కాల్ కలవడానికి వేచి ఉండే సమయం డిఫాల్టుగా 30 సెకన్లు. అనలాగ్ మోడెముకు దానిని 60కి పెంచాలి. లైను కార్యాలయపు ఈపీఏబీఎక్స్ (లోపలి ఫోన్ల ఎక్స్‌చేంజి) గుండా వస్తుంటే నంబరుకు ముందు బయటి లైను తీసుకునే సున్నా, ఆ తరువాత కాస్త ఆగడానికి కామా చేర్చాలి; లోపలి డయల్ టోనును మోడెం గుర్తించకపోతే దానికి ఎక్స్3 ఆదేశం (టోను కోసం చూడకుండా డయల్ చేయమని) ఇవ్వాలి. కాల్ వెయిటింగ్ సదుపాయం తీసివేయించాలి, ఆ బీప్ శబ్దానికే కనెక్షన్ తెగుతుంది. ఎస్‌టీడీ లాక్ ఉందేమో ముందే చూసుకోవాలి.

ఇక లైను పోయిందని గుర్తించే పద్ధతులు. అన్నిటికంటే సరళమైనది బ్యాకప్ ఇంటర్‌ఫేస్ ఆదేశం. ప్రధాన ఇంటర్‌ఫేసు కింద బ్యాకప్ డిలే 10 60 అని ఇస్తే, అది పడిపోయిన 10 సెకన్లకు బ్యాకప్ లేస్తుంది, తిరిగి వచ్చిన 60 సెకన్లకు పడుకుంటుంది. రెండో అంకెను తగ్గించవద్దు. వానాకాలంలో లైను వచ్చిపోతూ ఉంటే ప్రతిసారీ కాల్ తెగి కొత్త కాల్ మొదలవుతుంది. లీజ్డ్ లైనులో కీపలైవ్ (లైను బతికే ఉందని చెప్పే) సందేశాలు అవతలి రౌటరు దాకా వెళ్తాయి గనుక ఈ పద్ధతి బాగానే పనిచేస్తుంది. ఫ్రేమ్ రిలేలో (టెలిఫోన్ సంస్థ స్విచ్చుల గుండా పోయే ఉమ్మడి నెట్‌వర్కులో) గానీ, ఈథర్నెట్ కన్వర్టరు ద్వారా వచ్చే లింకులో గానీ దీనిని నమ్మకూడదు. దగ్గరి స్విచ్చు బాగున్నంత వరకు ఇంటర్‌ఫేసు పచ్చదీపంతో వెలుగుతూనే ఉంటుంది, మధ్యలో దారి తెగిన సంగతి దానికి తెలియదు.

అటువంటి చోట ఫ్లోటింగ్ స్టాటిక్ రూటు (ప్రధాన దారి పోయినప్పుడే బయటికి వచ్చే, మనం చేత్తో రాసిన దారి) వాడాలి. ఓఎస్‌పీఎఫ్ (రౌటర్లు తమలో తాము దారులు తెలుసుకునే పద్ధతి) రూటుకు అడ్మినిస్ట్రేటివ్ డిస్టెన్స్ (ఈ అంకె తక్కువున్న దారికే ప్రాధాన్యం) 110. బ్యాకప్ రూటుకు 200 ఇస్తే, మొదటిది రౌటరు దారుల పట్టికలో ఉన్నంత సేపు రెండోది కనబడదు. ప్రధాన రూటు కూడా స్టాటిక్‌దే అయితే, ప్రధాన కార్యాలయంలోని ఒక చిరునామాకు కొన్ని సెకన్లకొకసారి పింగ్ (జవాబు కోరే చిన్న సందేశం) పంపించి, జవాబు రాకపోతే ఆ రూటును తొలగించేలా ట్రాకింగ్ పెట్టాలి. ఇక్కడే చాలామంది తప్పటడుగు వేస్తారు. ఆ పింగ్ ఎప్పుడూ ప్రధాన లైను మీదనే పోయేలా ఆ చిరునామాకు విడిగా రూటు రాయకపోతే, బ్యాకప్ లేవగానే పింగ్ దాని గుండా వెళ్లి జవాబు తెస్తుంది, రౌటరు ప్రధాన లైను బాగుపడిందనుకుని వెనక్కి మళ్లుతుంది, మళ్లీ పడిపోతుంది. రాత్రంతా ఇదే తంతు.

ఫ్లోటింగ్ రూటు పట్టికలోకి వచ్చినంత మాత్రాన కాల్ వెళ్లదు. డయలర్ లిస్టులో మనం చెప్పిన రకం ప్యాకెట్టు వస్తేనే వెళ్తుంది. ఆ లిస్టులో లేని ప్యాకెట్లు, లైను తెరిచి ఉన్నప్పుడు ప్రయాణిస్తాయి గానీ ఐడిల్ టైమరును (పని లేనప్పుడు కాల్ తెంచే గడియారాన్ని) మళ్లీ మొదటికి తేలేవు. ఆ టైమరు డిఫాల్టుగా 120 సెకన్లు. పాయింట్-టు-పాయింట్ లింకులో ఓఎస్‌పీఎఫ్ హలో (పలకరింపు సందేశం) 10 సెకన్లకొకటి వస్తుంది గనుక, దానిని లిస్టు నుంచి తప్పించకపోతే కాల్ ఎప్పటికీ ముగియదు. విండోస్ యంత్రాలు పంపే 137, 138 పోర్టుల సందేశాలను, గడియారాలు సరిచేసే ఎన్‌టీపీని కూడా తప్పించాలి. ఒక శాఖలో నేను ఎన్‌టీపీని మరచిపోయిన ఫలితం తరువాతి నెల బిల్లులోనే తెలిసింది.

డయల్ చేసే పని శాఖ రౌటరుకే అప్పగించి, ప్రధాన కార్యాలయపు మోడెం జవాబివ్వడానికి మాత్రమే ఉండాలి. రెండు వైపులా ఒకేసారి డయల్ చేస్తే రెంటికీ ఎంగేజ్ వస్తుంది. పీపీపీ (కాల్ మీద రెండు రౌటర్లను కలిపే పద్ధతి) మీద చాప్ ధ్రువీకరణ (రహస్యపదంతో అవతలి రౌటరును గుర్తించడం) పెట్టేటప్పుడు ఒక్కో రౌటరులో అవతలి రౌటరు పేరును యూజర్‌నేముగా, రహస్యపదాన్ని రెండు చోట్లా ఒకేలా రాయాలి. కాల్ కలిసిన మరుక్షణమే తెగుతుంటే ముందుగా చూడవలసింది ఇదే. శాఖ లాన్ (లోపలి) నెట్‌వర్కుకు తిరుగుదారి చూపే ఫ్లోటింగ్ రూటు ప్రధాన కార్యాలయపు రౌటరులోనూ ఉండాలి. అది లేకపోతే శాఖ నుంచి ప్యాకెట్లు చేరతాయి, జవాబులు మాత్రం తెగిన లైను వైపే పోతాయి.

పరీక్షించేటప్పుడు ఇంటర్‌ఫేసును షట్‌డౌన్ చేసి సరిపెట్టుకోకూడదు. నిజంగా సంభవించే లోపం అలా ఉండదు. ఒకసారి శాఖలో కేబులు పీకి, మరొకసారి ప్రధాన కార్యాలయం వైపు పీకి, కౌంటరులోని కంప్యూటరు నుంచి ఒక లావాదేవీ చేయించి, ఆ తరువాత కేబులు పెట్టి కాల్ తనంతట తాను తెగే దాకా కూర్చుని చూడాలి. నెలకొకసారి ఇలా చేయడం కొంత విసుగే. మన టెలిఫోన్ నంబర్లకు ముందు 2 చేర్చిన రోజుల్లో, డయలరులో పాత నంబరే ఉండిపోయిందన్న సంగతి లైను తెగేదాకా తెలియని శాఖలో నేనూ పనిచేశాను.