హోమ్ మ్యాచ్ ఊరు మారితే ఏం చేయాలి: పెన్‌రిత్ వైపు తెలుగు కుటుంబాల కోసం

మా ఇల్లు సిడ్నీకి పడమట, సౌత్ పెన్‌రిత్‌లో. జేమిసన్ రోడ్డు పట్టుకుని పాతిక నిమిషాలు నడిస్తే మల్గోవా రోడ్డు మీద స్టేడియం వచ్చేస్తుంది. 2024 వరకూ మాకు మా పెన్‌రిత్ రగ్బీ లీగ్ టీమ్ పాంథర్స్ హోమ్ మ్యాచ్ అంటే ఆ నడకే. కుక్కర్ దించేసి, మా వాడికి స్వెట్టర్ తొడిగి బయల్దేరేవాళ్లం. ఒక్కో సందులోంచి నల్ల జెర్సీల వాళ్లు వచ్చి కలిసేవారు. గేటు దగ్గరికి చేరేసరికి తిరునాళ్లకి వెళ్తున్న గుంపులా ఉండేది. లోపల కూర్చుంటే పడమట బ్లూ మౌంటెన్స్ వెనక పొద్దు దిగడం కనిపించేది.

ఆ పాత స్టేడియం పడగొట్టి కొత్తది కడుతున్నారు. 2025 నుంచి మన హోమ్ మ్యాచ్‌లు పారమట్టాలోని కామ్‌బ్యాంక్ స్టేడియంలో జరుగుతున్నాయి. అది ఈల్స్ వాళ్ల ఇల్లు. అంటే మనకు పాత పోటీ ఉన్న టీమ్ గడప. మార్పు వార్త రాగానే మా ఏడు కుటుంబాల గ్రూపులో నాలుగు కుటుంబాలు క్లబ్బు మెంబర్‌షిప్ (సీజన్ టికెట్) వదిలేశాయి. "వదినా, పిల్లల్ని వేసుకుని రాత్రిపూట అంత దూరం మా వల్ల కాదు" అని మౌంట్ డ్రూయిట్ నుంచి ఒకమ్మాయి ఫోన్ చేసింది. ఆ అమ్మాయికి చెప్పినవే ఇక్కడ రాస్తున్నాను. మీ టీమ్ వేరేదైనా ఇందులో చాలావరకు పనికొస్తాయి.

ఆట కొత్తవాళ్లకి ఒక్క మాట. రగ్బీ లీగ్‌లో టీముకి పదమూడు మంది. బంతి చేతిలో ఉన్న టీముకి ఆరు ట్యాకిల్స్ అవకాశం, ఆపైన బంతి అవతలివాళ్లది. కబడ్డీ చూస్తూ పెరిగినవాళ్లకి పట్టు అంటే ఏంటో వేరే చెప్పక్కర్లేదు. రెండు మ్యాచ్‌లు చూస్తే అర్థమైపోతుంది.

ముందు ఇది ఏ రకం మార్పో చూసుకోండి

మ్యాచ్‌లు ఊరు దాటడానికి కారణాలు వేరువేరుగా ఉంటాయి. మనం ఎంత కంగారు పడాలన్నది కారణాన్ని బట్టి ఉంటుంది.

ఒకటి, తప్పనిసరై కొన్నాళ్లు వెళ్లడం. మనది ఇదే. 2027 సీజన్‌కి కొత్త స్టేడియంలోకి తిరిగి రావాలన్నది ప్రణాళిక. ఈల్స్ అభిమానులకీ ఈ కష్టం తెలుసు. వాళ్ల పాత స్టేడియం పడగొట్టినప్పుడు 2017, 2018 సీజన్లు హోమ్‌బుష్ ఒలింపిక్ స్టేడియంలో గడిపారు. కొత్త మైదానంలో మొదటి మ్యాచ్ 2019 ఏప్రిల్ 22న, వెస్ట్స్ టైగర్స్ మీద 51–6తో గెలిచారు. న్యూజిలాండ్ వారియర్స్ పరిస్థితి ఇంకా కష్టం. కోవిడ్ వల్ల 2020 నుంచి ఆస్ట్రేలియాలోనే ఉండి ఆడారు. 2022 జులై 3న ఆక్లాండ్‌లోని మౌంట్ స్మార్ట్‌కి తిరిగొచ్చి 22–2తో గెలిచారు. ఆ రోజు స్టాండ్స్‌లో ఏడ్చినవాళ్లని టీవీలో చూసి నాకూ కళ్లు తడయ్యాయి.

రెండోది, ఒక హోమ్ మ్యాచ్‌ని ఏదో ఒప్పందం మీద ఇంకో ఊరికి ఇవ్వడం. పాంథర్స్ 2014 నుంచి బాథర్‌స్ట్‌లో ఆడుతున్నారు. ఈల్స్ డార్విన్‌కి వెళ్తారు. 2019లో మొదలైన మ్యాజిక్ రౌండ్ (ఆ వారం మ్యాచ్‌లన్నీ ఒకే ఊళ్లో) కోసం కొన్ని క్లబ్బులు తమ హోమ్ మ్యాచ్‌ని బ్రిస్బేన్‌కి ఇచ్చేస్తాయి. 2024 నుంచి సీజన్ మొదలయ్యేదే లాస్ వెగాస్‌లో. 2025 మార్చిలో మనవాళ్లు షార్క్స్‌ని 28–22తో ఓడించింది అక్కడే. ఆ పూట మేం టీవీ ముందే కూర్చున్నాం.

మూడోదే ప్రమాదం. క్లబ్బు పాత పేటని వదిలేసి, జనం ఎక్కువున్న చోటికో డబ్బు ఉన్న చోటికో శాశ్వతంగా వెళ్లిపోవడం. నార్త్ సిడ్నీ బేర్స్ 1908లో లీగ్ పుట్టినప్పటి నుంచి ఉన్న క్లబ్బు. 1999లో గాస్‌ఫర్డ్‌కి మారదామనుకున్నారు. అక్కడ స్టేడియం పని ఆలస్యమైంది, అప్పులు పెరిగాయి. 2000లో మాన్లీ క్లబ్బుతో కలిపేస్తే నార్తర్న్ ఈగల్స్ అయింది. అదీ మూడు సీజన్లకే ముగిసింది. ఇప్పుడు బేర్స్ పేరు 2027లో పెర్త్ టీముగా తిరిగి వస్తోంది. సిడ్నీ నుంచి పెర్త్‌కి విమానంలోనే ఐదు గంటలు.

మీ క్లబ్బు ప్రకటన వచ్చినప్పుడు అందులో తిరిగి వచ్చే తేదీ ఉందా లేదా అన్నది మొదట చూడండి. ఉంటే ఓపిక పట్టండి. లేకపోతే వెంటనే అడగండి.

డ్రా వచ్చిన రోజే కూర్చోండి

వచ్చే సీజన్ డ్రా, అంటే ఏ మ్యాచ్ ఎప్పుడు ఎక్కడ అన్న పట్టిక, సాధారణంగా నవంబర్‌లో వస్తుంది. అందులో "హోమ్" అన్న మాట చూసి సంబరపడకండి. పక్కనే ఉన్న మైదానం పేరు చదవండి. 2023 నుంచి 2026 వరకూ డ్రాలో టీముకి 24 మ్యాచ్‌లు, అందులో సగం హోమ్. ఆ సగంలో నిజంగా మీరు వెళ్లగలిగేవి ఎన్నో వేళ్ల మీద లెక్కపెట్టండి. నేను ఫ్రిజ్ మీద కాగితం అతికించి మూడు రంగులు వేస్తాను. ఆదివారం మధ్యాహ్నం మ్యాచ్‌లకి ఆకుపచ్చ, శనివారం వాటికి పసుపు, గురువారం, శుక్రవారం రాత్రుళ్లకి ఎరుపు. గురువారం మ్యాచ్ రాత్రి దాదాపు ఎనిమిదికి మొదలవుతుంది. అది అయ్యి పిల్లాడు మంచం ఎక్కేసరికి పదకొండు దాటుతుంది, పొద్దున్నే బడి. ఎరుపు వాటిని మొహమాటం లేకుండా వదిలేస్తాం. అన్నిటికీ వెళ్లాలని పట్టుదలకి పోయినవాళ్లే సగం సీజన్‌కి విసిగిపోయి పూర్తిగా మానేస్తున్నారు.

మెంబర్‌షిప్ కట్టేముందు మూడు అడగండి. ఎన్ని మ్యాచ్‌లు, ఏ మైదానంలో? బయట ఊళ్ల మ్యాచ్ ఇందులో కలిసిందా, విడిగా కొనాలా? పాత సీటు పక్కవాళ్లతో కలిపి ఇస్తారా? ఈ మూడోది చాలామంది అడగరు. కొత్త మైదానంలో సీట్లన్నీ మళ్లీ మొదటి నుంచి పంచుతారు. మేం ఫారం పంపడంలో ఆలస్యం చేశాం. పెన్‌రిత్‌లో ఏళ్ల తరబడి ఒకే వరుసలో కూర్చున్న మేం పారమట్టాలో నాలుగు చోట్లకి చెదిరిపోయాం. మీరు ఆ తప్పు చేయకండి. వరుసలో వాళ్లంతా మాట్లాడుకుని ఒకేసారి పంపించండి.

స్టాండ్ ఎంచుకునేటప్పుడు ఎండ చూసుకోండి. మధ్యాహ్నం మ్యాచ్‌కి తూర్పు స్టాండ్‌లో కూర్చుంటే పడమటెండ కళ్లలోకి కొడుతుంది. జులై చలిలో అదే హాయి. మార్చిలో మాత్రం పిల్లలు తట్టుకోలేరు.

మ్యాచ్ రోజు

ముందు రోజు రాత్రే ట్రిప్ ప్లానర్ తెరిచి ట్రాక్ పనులు ఉన్నాయేమో చూడండి. వారాంతాల్లో వెస్ట్రన్ లైన్ మీద పనులు పెట్టి ట్రైన్ బదులు బస్సులు వేయడం మామూలే. ఒకసారి చూసుకోకుండా బయల్దేరాం. బస్సు దిగి, ఇంకో బస్సు ఎక్కి స్టేడియం చేరేసరికి మొదటి సగం అయిపోయింది. మా వాడు దారంతా ఫోన్‌లో స్కోరు చూస్తూ మౌనంగా కూర్చున్నాడు. వాడి మొహం ఇప్పటికీ గుర్తుంది.

పనులు లేకపోతే ట్రైనే మేలు. వేగంగా వెళ్లేదైతే పెన్‌రిత్ నుంచి పారమట్టా అరగంట. బ్లూ మౌంటెన్స్ నుంచి దిగివచ్చే ట్రైన్‌లు కూడా రెండు చోట్లా ఆగుతాయి. ఓపల్ కార్డుతో శుక్ర, శని, ఆదివారాల్లో రోజుకి కోసే గరిష్ఠ మొత్తం మిగతా రోజుల కంటే తక్కువ. పారమట్టా స్టేషన్ నుంచి చర్చ్ స్ట్రీట్ మీదుగా నది దాటి స్టేడియానికి పావుగంట నడక. నడవలేనివాళ్లకి 2024 డిసెంబర్‌లో మొదలైన ట్రామ్ ఉంది. పారమట్టా స్క్వేర్‌లో ఎక్కి ప్రిన్స్ ఆల్ఫ్రెడ్ స్క్వేర్‌లో దిగాలి.

తిండి సంగతి. స్టేడియం లోపల నలుగురు తినాలంటే టికెట్ల కంటే తిండి ఖర్చే బరువు. మేం రెండు గంటలు ముందే చేరి, స్టేడియం పక్కనే ఉన్న పారమట్టా పార్కులో దుప్పటి పరుస్తాం. పులిహోర, పెరుగన్నం, ఊరమిరపకాయలు. పులిహోర పొద్దున్నే కలిపేస్తే మధ్యాహ్నానికి పులుపు బాగా పడుతుంది. స్టీలు డబ్బాలు వద్దు, ప్లాస్టిక్ డబ్బాల్లో పెట్టుకోండి. తినేశాక ఒకదాంట్లో ఒకటి దూర్చేస్తే సంచి చిన్నదైపోతుంది, గేటు దగ్గర ఇబ్బంది ఉండదు. సంచి కొలతల నియమం మాత్రం స్టేడియం వెబ్‌సైట్‌లో చూసుకోండి. మ్యాచ్ అయ్యాక అందరూ ఒక్కసారే స్టేషన్ మీద పడతారు. ఆకలిగా ఉంటే హారిస్ పార్క్ దాకా వెళ్లి దోసె తిని, రద్దీ తగ్గాక ట్రైన్ ఎక్కండి.

దక్షిణం వైపు ఉండే డ్రాగన్స్ అభిమానులకి ఒక మాట. సెయింట్ జార్జ్, ఇలవారా క్లబ్బులు 1998లో కలిసినప్పటి నుంచి మీ హోమ్ మ్యాచ్‌లు కొగరా, వోలంగాంగ్‌ల మధ్య పంచుతున్నారు. ఈ రెండిటి మధ్య దారిలోనే హెలెన్స్‌బర్గ్ వెంకటేశ్వరస్వామి గుడి. వోలంగాంగ్ మ్యాచ్ ఆదివారం పడితే పొద్దున దర్శనం చేసుకుని, మధ్యాహ్నానికి మైదానం చేరొచ్చు.

బాథర్‌స్ట్ మ్యాచ్

పెన్‌రిత్ నుంచి దాదాపు 150 కిలోమీటర్లు, కారులో రెండు గంటలు, దారంతా కొండలు. అటు నుంచి పొద్దున్న సిడ్నీకి వచ్చి సాయంత్రం తిరిగి వెళ్లే ట్రైన్ బాథర్‌స్ట్ వాళ్ల సౌకర్యం కోసం వేసింది. మనకి కారే గతి. మంచు, పొగమంచు, రోడ్డు మూసివేతలు బయల్దేరేముందే చూసుకోండి. పొద్దు గుంకాక చలి ఎముకలు కొరుకుతుంది. మంకీ క్యాప్, రెండు జతల సాక్సులు, ఫ్లాస్కులో అల్లం టీ తప్పనిసరి. మైదానంలో ఎక్కువమంది గడ్డి గట్టు మీదే కూర్చుంటారు, కింద పరుచుకోవడానికి రగ్గు కావాలి.

మొదట్లో ఈ మ్యాచ్ అంటే నాకు కోపం. మన హోమ్ మ్యాచ్ ఒకటి తగ్గిపోయిందని. ఒక ఏడాది వెళ్లాం. మా పక్కన ఒక రైతు కుటుంబం ఇంకా అవతలి నుంచి మూడు గంటలు ప్రయాణం చేసి వచ్చింది. వాళ్ల పాపకి ఏడాది మొత్తానికి అదొక్కటే మ్యాచ్. ఆట అయ్యాక కంచె దగ్గర ఒక ఆటగాడు ఆ పాప టోపీ మీద సంతకం పెట్టాడు. ఆ టోపీని ఆ పాప తల మీద పెట్టుకోలేదు, చలిలో కూడా రెండు చేతులతో పట్టుకుని నడిచింది. ఆ తర్వాత బాథర్‌స్ట్ మ్యాచ్ మీద నాకు కోపం లేదు. ఒకటి సరే. రెండు, మూడు అయితే మాత్రం అడగాల్సిందే.

అడగడం ఎలా

ఫేస్‌బుక్‌లో తిట్టడం వల్ల ఏమీ కాదు. క్లబ్బు మెంబర్‌షిప్ విభాగానికి ఈమెయిల్ రాయండి. పది వాక్యాలు చాలు. ఎన్నేళ్లుగా మెంబర్లు, ఇంట్లో ఎంతమంది, ఇంటి నుంచి కొత్త మైదానానికి ఎంత సమయం, పోయిన సీజన్‌లో ఎన్నిటికి వెళ్లలేకపోయారు, ఎందుకు. చివర్లో ఒకే ఒక కోరిక. నేను రాసినదాని సారాంశం ఇది: "మా ఇంటి నుంచి గేటుకి నడిచి పాతిక నిమిషాలు పట్టేది. ఇప్పుడు గంటన్నర. పన్నెండేళ్లలోపు పిల్లలున్న మాలాంటివాళ్ల కోసం ఆదివారం మధ్యాహ్నం మ్యాచ్‌లు ఇంకో రెండు అడిగి తీసుకురండి." వేళలు క్లబ్బు ఒక్కటే నిర్ణయించదు, టీవీ వాళ్ల మాట పెద్దది. అయినా క్లబ్బు చేతిలో మన ఉత్తరాలు ఉంటే అడగడానికి బలం వస్తుంది. పెన్‌రిత్ స్టేడియం రాష్ట్ర ప్రభుత్వ డబ్బుతో కడుతున్నారు కాబట్టి మీ రాష్ట్ర ఎంపీకి ఒక కాపీ పంపండి. తిరిగి వచ్చే తేదీ ఏమైందని ప్రతి ఆరు నెలలకీ ఒకసారి అడగండి.

అభిమానులు అడిగితే ఏమవుతుందో సౌత్ సిడ్నీ వాళ్లని చూడండి. 1999 సీజన్ తర్వాత వాళ్ల క్లబ్బుని లీగ్ నుంచి తీసేశారు. వేలాది మంది సిడ్నీ వీధుల్లో నడిచారు, కోర్టుకి వెళ్లారు. 2002లో క్లబ్బు మళ్లీ ఆడింది.

వరుసని చెదరనివ్వకండి

మా పాత వరుసలో ఒక పెద్దావిడ ఉండేది. ఎనభై దాటింది, ఒక్కతే వచ్చేది. మోకాళ్ల మీద గళ్ల దుప్పటి, చేతిలో చిన్న నోటు పుస్తకం. ఎవరు ఎన్ని ట్యాకిల్స్ చేశారో పెన్సిల్‌తో నాలుగు గీతలు, అడ్డంగా ఐదో గీత గీసి లెక్క రాసేది. మా వాడికి ఈ ఆట నేర్పింది ఆవిడే. పారమట్టా అనగానే "నా మోకాళ్లకి ఆ దూరం ఎక్కువ, లవ్" అని ఆగిపోయింది.

రెండు నెలలు మేమూ ఊరుకున్నాం. తర్వాత మా ఆయనే వెళ్లి అడిగాడు. ఇలా చేశాం: ఆవిడని ఇంటి దగ్గర కారెక్కించుకుని పెన్‌రిత్ స్టేషన్‌కి, అక్కడ లిఫ్ట్‌లో ప్లాట్‌ఫారానికి. ట్రైన్‌లో తలుపు పక్కన మెట్లు లేని సీట్లలోనే కూర్చున్నాం. పారమట్టాలో నడక లేకుండా ట్రామ్. స్టేడియంకి ముందే ఫోన్ చేసి మెట్లు ఎక్కనక్కర్లేని సీటు, పక్కన తోడుకి ఒకటి అడిగి పెట్టుకున్నాం. ఆ తోడు సీటు మా వాడిది. మొదటి సగం అంతా పుస్తకం వాడి చేతిలో ఉంది, ఆవిడ చెబుతుంటే వాడు గీతలు గీశాడు.

బుధవారం ఆవిడే ఫోన్ చేసింది. ఆదివారం ఏ ట్రైన్ అని అడిగింది.