పిట్ట కొంచెం, సెగ ఘనం: డాట్సన్ 1200లోకి 13బీ టర్బో

డాట్సన్ 1200 అనే పాత చిన్న కారులో రోటరీ, అంటే పిస్టన్లకు బదులు గిరగిరా తిరిగే రోటర్లుండే ఇంజిన్, పెట్టాలనుకునే కుర్రాళ్లు నన్ను మొదట అడిగేది ఎంత పవర్ వస్తుందని. నేను వాళ్లను అడిగేది ఆయిల్ కూలర్ ఎక్కడ బిగిస్తారని. ఇంజిన్‌ని బానెట్ కిందకి దించడం పెద్ద పనేం కాదు. చైన్ బ్లాకు, ఇద్దరు మనుషులు ఉంటే సాయంత్రానికల్లా లోపల కూర్చుంటుంది. అది పుట్టించే వేడిని అంత చిన్న బండిలోంచి బయటికి పంపడమే అసలు పని. బెజవాడ ఆటోనగర్‌లో లారీల దగ్గర స్పానర్ పట్టి, తర్వాత ఆక్లండ్ వచ్చినవాణ్ణి. కాగిపోయే ఇంజిన్లు నాకు కొత్త కాదు. అయినా రోటరీ సెగ వేరు.

1970లో వచ్చిన ఈ డాట్సన్‌లో కంపెనీ ఇచ్చింది 1171 సీసీ ఏ12 ఇంజిన్, 70 హార్స్‌పవర్ లోపే. బండి బరువు 700 కిలోల చిల్లర. వెనక చక్రాల డ్రైవ్, ముందు బానెట్ కింద బోలెడు ఖాళీ. అందుకే ఇక్కడివాళ్లకి దీని మీద అంత మోజు. ఇందులోకి దింపేది మాజ్డా ఆర్‌ఎక్స్-7 రెండో తరం, అంటే ఎఫ్‌సీ బండిలోని 13బీ టర్బో ఇంజిన్. రెండు రోటర్లు, ఒక్కోటి 654 సీసీ, కంపెనీ సెట్టింగ్‌లోనే 180 పైచిలుకు హార్స్‌పవర్. రోటరీ తేలికని అందరూ అనేస్తుంటారు. పక్క ప్లేట్లు పోత ఇనుమండీ. టర్బో, అది పంపే గాలిని చల్లబరిచే ఇంటర్‌కూలర్ కలుపుకుంటే ఏ12 కంటే బరువే తూగుతుంది. ముందు స్ప్రింగులు మార్చక తప్పదు.

రంపం పట్టకముందే కాగితాల సంగతి చూసుకోండి. న్యూజీలాండ్‌లో ఇలాంటి మార్పులకు ఎల్‌వీవీ (లో వాల్యూమ్ వెహికల్) సర్టిఫికేషన్ కావాలి. అది లేకపోతే వారెంట్ ఆఫ్ ఫిట్‌నెస్, అంటే బండి రోడ్డెక్కడానికి పనికొస్తుందనే సర్టిఫికెట్, రాదు. బండి అంతా అయ్యాక కాదు, మొదలుపెట్టే ముందే సర్టిఫయర్‌ని కలిసి బ్రేకులు, సీటు బెల్టులు, స్టీరింగ్ విషయంలో ఏం అడుగుతాడో రాసుకోండి. ఇక మన దేశంలో చేద్దామనుకునేవాళ్లకు ఒక్క మాట: బండికి ఇలాంటి మార్పులు చేయకుండా అడ్డుపడే మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ దగ్గరే ఆగిపోతారు.

ఇంజిన్ కొనేటప్పుడు 1986-88 నాటి ఎస్4 (సిరీస్ 4) దొరికితే అదే తీసుకోండి. రోటరీ తన సీల్స్ తడి ఆరకుండా కాస్త ఇంజిన్ ఆయిల్‌ని కావాలనే కాల్చుకుంటుంది. ఆ ఆయిల్ పంపే మీటరింగ్ పంపు ఎస్4లో మెకానికల్, తర్వాతి ఎస్5లో ఎలక్ట్రానిక్. బయటి ఈసీయూ (ఇంజిన్‌ని నడిపే కంప్యూటర్) పెట్టినప్పుడు మెకానికల్ పంపు తన పని తాను చేసుకుపోతుంది, వైరింగ్ గొడవ ఉండదు. అది ఉన్నా సరే, నేను పెట్రోల్లో 200కి ఒక వంతు టూ-స్ట్రోక్ ఆయిల్ కలుపుతాను. 40 లీటర్లకు 200 మిల్లీ. ఖర్చు తక్కువ, నిద్ర బాగా పడుతుంది.

డబ్బు చేతిలో పెట్టకముందు కంప్రెషన్ చూడాలి. మామూలు గేజ్‌తోనే ఒక అంచనా వస్తుంది. గేజ్ లోపలి చిన్న వాల్వ్ పీకేసి, ప్లగ్ తీసిన కంతలో బిగించి, ఫ్యూయల్ పంపు ఆపి, యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కి స్టార్టర్ తిప్పండి. ముల్లు మూడు సార్లు ఎగరాలి, మూడూ ఒకే ఎత్తుకి. రోటర్‌కి మూడు ముఖాలు కాబట్టి మూడు. పక్కపక్కనే ఉన్న రెండు దెబ్బలు నీరసంగా ఉంటే ఆ రెండింటి మధ్య ఉన్న ఏపెక్స్ సీల్, అంటే రోటర్ మూలన ఉండే సీల్, పోయినట్టే. ఒక్కటే తగ్గితే ఎక్కువగా రోటర్ పక్కన ఉండే సైడ్ సీల్ మీద అనుమానం. రోటరీ కోసమే చేసిన టెస్టర్ దొరికితే లెక్క కచ్చితంగా తెలుస్తుంది: 250 ఆర్‌పీఎం దగ్గర చదరపు సెంటీమీటరుకి 6 కేజీల కంటే తక్కువ చూపిస్తే ఇంజిన్ విప్పాల్సిందే. రేడియేటర్ మూత తీసి బుడగలు కూడా చూడండి. ఈ ఇంజిన్ అయిదు ముక్కల పేర్పు. మూడు ఇనప ప్లేట్ల మధ్య రెండు అల్యూమినియం హౌసింగ్‌లు, పొడుగాటి బోల్టులతో బిగించి ఉంటాయి. ఇనుము ఒకలా, అల్యూమినియం ఒకలా వ్యాకోచిస్తాయి. ఒక్కసారి బాగా కాగిందంటే మధ్యలో ఉన్న నీళ్ల సీల్స్ చచ్చిపోతాయి. ఆ తర్వాత పొద్దున్నే తెల్ల పొగ, లీకు కనబడదు గానీ నీళ్లు తగ్గిపోతుంటాయి.

కొలతలకు మంచి ఇంజిన్ వాడకండి. లోపల రోటర్లు లేని ఖాళీ హౌసింగ్‌లు బోల్టులేసి తెచ్చుకుంటే ఎన్నిసార్లు దించి ఎత్తినా నడుం పట్టేయదు. ఎంత వెనక్కి జరిగితే అంత మంచిది. బెల్‌హౌసింగ్ (ఇంజిన్‌కీ గేరుబాక్సుకీ మధ్య ఉండే గంట లాంటి డొప్ప) ఫైర్‌వాల్‌కి, అంటే ఇంజిన్‌కీ క్యాబిన్‌కీ మధ్య గోడకి, తగిలేదాకా నెట్టి, అక్కడ గేరుబాక్సు కూర్చునే టనెల్‌ని కాస్త కోసి వెడల్పు చేయండి. ఇక్కడే అసలు చిక్కు. స్టీరింగ్ కుడివైపు ఉన్న బండిలో టర్బో కూడా కుడివైపే పడుతుంది. స్టీరింగ్ బాక్సు, బ్రేక్ మాస్టర్ సిలిండర్ కూడా అక్కడే. ఎగ్జాస్ట్ గ్యాస్ 900 డిగ్రీలు దాటే చోట బ్రేక్ ఫ్లూయిడ్ ఉందన్నమాట! టర్బైన్ హౌసింగ్‌కి సెగ ఆపే టర్బో దుప్పటి చుట్టండి. దానికీ మాస్టర్ సిలిండర్‌కీ మధ్య స్టెయిన్‌లెస్ రేకు నిలబెట్టండి. రేకు దేనికీ ఆనకూడదు, రెండు వైపులా వేలు దూరేంత గాలి ఉండాలి. బ్రేక్ పైపుని ఫైర్‌వాల్ మీదుగా ఎడమవైపుకి తిప్పేయండి. తర్వాత స్టీరింగ్‌ని ఈ చివరి నుంచి ఆ చివరికి తిప్పి, టర్బో నుంచి కిందికి దిగే ఎగ్జాస్ట్ డౌన్‌పైపు ఎక్కడా రాసుకోవట్లేదని టార్చి వేసి చూడండి.

రోటర్ లోపలి నుంచి చల్లబడేది ఆయిల్‌తోనే. మొత్తం వేడిలో మూడో వంతు దాకా ఆయిలే మోస్తుంది. కాబట్టి ఆయిల్ కూలర్ అలంకారం కాదు. ఎఫ్‌సీతో వచ్చిన ఒరిజినల్ కూలర్ పెద్దది, మంచిది. దాన్ని బంపర్ కింద పెట్టి, దాని ముందు ఇంకేదీ రాకుండా చూసుకోండి. రేడియేటర్ చుట్టూ ఉన్న సందులన్నీ అల్యూమినియం రేకుతో మూసేయండి. గాలి సులువైన దారి వెతుక్కుంటుంది, రేడియేటర్‌లోంచి పోవడం దానికి సులువు కాదు. నీళ్లు పోసేటప్పుడు బండి ముక్కు ఎత్తి పోస్తే గాలి బుడగలు మిగలవు.

పెట్రోల్ దగ్గర పీనాసితనం పనికిరాదు. పాత ట్యాంకు కార్బురేటర్ కోసం చేసింది. మలుపులో పెట్రోలు పక్కకి ఒరిగితే పంపు గాలి పీలుస్తుంది. టర్బో ప్రెజర్ మీద ఉన్నప్పుడు అలా అర క్షణం జరిగితే చాలు, ఏపెక్స్ సీల్ ముక్కలై టర్బోలోంచి బయటికొస్తుంది. పంపుకి ఎప్పుడూ పెట్రోలు అందేలా నిండుగా ఉండే చిన్న సర్జ్ ట్యాంకు, ఇంజెక్షన్ పంపు, రిటర్న్ లైను తప్పనిసరి. ట్యూనింగ్‌లో ప్రెజర్ కింద గాలి-పెట్రోలు నిష్పత్తి 11:1 దగ్గర ఉంచమనండి. ఒక్కో రోటర్‌కి రెండు ప్లగ్‌లు: ముందు వెలిగే కింది ప్లగ్ లీడింగ్, పై ప్లగ్ ట్రెయిలింగ్. వైర్లు తారుమారు కాకుండా రంగు టేపు చుట్టండి. ఇంకోటి, మూడంగుళాల ఎగ్జాస్ట్ వేస్తే పాత టర్బో వేస్ట్‌గేట్ (ఎక్కువైన ఎగ్జాస్ట్‌ని టర్బో పక్కనుంచి పంపేసే తలుపు) చాలదు, ప్రెజర్ దానంతటదే పైకి పాకుతుంది. ఆ కంతని పెద్దది చేయించండి, లేదా బయటి వేస్ట్‌గేట్ పెట్టించండి.

గేరుబాక్సు ఎఫ్‌సీ టర్బోదే తీసుకోండి, టర్బో లేని మోడల్‌ది బలహీనం. డాట్సన్ డిఫరెన్షియల్ మీద ఆశ పెట్టుకోకండి. ఇక్కడ చాలామంది హైలక్స్‌ది కురచ చేయించి వేసుకుంటారు. గేరుబాక్సు నుంచి డిఫరెన్షియల్‌కి వెళ్లే షాఫ్టుని నిపుణులతోనే చేయించి బ్యాలెన్స్ పెట్టించాలి. వెనక కమాను కట్టలు మెలిపడకుండా బార్లు, ముందు పెద్ద డిస్కులు ఎలాగూ కావాలి.

కొత్త సీల్స్ వేసిన ఇంజిన్‌ని తొలి 1000 కిలోమీటర్లు ప్రెజర్ ఎక్కకుండా నడపండి. టెంప్టేషన్ ఉంటుంది, తెలుసు. షెడ్డులోంచి బయటికి తీయడానికని స్టార్ట్ చేసి నిమిషంలో ఆపేయడం మాత్రం వద్దు. చల్లటి రోటరీకి పెట్రోలు ఎక్కువై మళ్లీ అంటుకోదు. అలా అయితే ఫ్యూయల్ పంపు ఫ్యూజ్ పీకి, కింది ప్లగ్‌లు తీసి, లోపలి పెట్రోలంతా ఎగిరిపోయేదాకా స్టార్టర్ తిప్పండి. ప్లగ్‌లు ఆరబెట్టి బిగించి, ఫ్యూజ్ పెట్టి మళ్లీ తాళం తిప్పండి.