జింకల జాడ – నాలుగో పాఠం: పోతు పడక ఎక్కడ?

గిట్టల గుర్తులు, పెంటికలు, మేత ఆనవాళ్ళు గత మూడు పాఠాల్లో విడివిడిగా చూశాం. ఈసారి అన్నీ కలిపి ఒకే ప్రశ్న వేసుకుందాం. కొమ్ములున్న చుక్కల దుప్పి, అంటే పోతు, ఎక్కడ పడుకుంటోంది?

మన బడి ఎప్పటిలాగే మద్రాస్ ఐఐటీ క్యాంపస్. గిండీ నేషనల్ పార్కును ఆనుకుని సుమారు 250 హెక్టార్లు, అందులో దుప్పులు, కృష్ణజింకలు రెండూ ఉన్నాయి. క్యాంపస్‌లో ఉండేవాళ్ళు, అక్కడ మనవాళ్ళెవరైనా ఉండి లోపలికి వెళ్ళగలిగేవాళ్ళు ఈ పాఠం నేల మీద చేసి చూడండి. మిగతావాళ్ళు గిండీ చిల్డ్రన్స్ పార్కులో కంచె ఇవతల నిలబడి, జింక కాళ్ళు ఎలా మడుస్తుందో ముందు గమనించండి. ముందుకాళ్ళు మోకాళ్ళ దగ్గర మడిచి, తర్వాత వెనకభాగం దించుతుంది. పడక ఆకారమంతా ఈ కదలిక వల్లే వస్తుంది.

నవంబర్‌లో ఒక తెల్లవారుజామున మా అక్క కొడుకుని వెంట తీసుకెళ్ళాను. రాత్రంతా వాన, నాలుగున్నరకి తగ్గింది. ఒక మర్రి ఊడల వెనక ఆకులన్నీ తడిసి నల్లగా ఉన్నాయి. మధ్యలో కోడిగుడ్డు ఆకారంలో ఒక్క చోట మాత్రం ఆకులు పొడిగా, పేర్చినట్టు అణిగి ఉన్నాయి. "మావయ్యా, కుక్క పడుకుందేమో?" అన్నాడు. మంచి అనుమానమే. కానీ కుక్క గుండ్రంగా ముడుచుకుంటుంది, చాలాసార్లు పడుకునే ముందు మట్టి గీకుతుంది. ఇక్కడ గీకిన గుర్తు లేదు. ఒక కొసన మోకాళ్ళు ఆనిన రెండు చిన్న గుంటలున్నాయి. మూరతో కొలిస్తే రెండు మూరలకి కొంచెం ఎక్కువ. అరచేతి వెనకభాగం ఆనించి చూశాం, పక్క నేల కంటే వెచ్చగా ఉంది. ఆకుకి అంటుకుని ఒక వెంట్రుక, మొదలు దగ్గర తెల్లగా, కొస ఎర్రటి గోధుమరంగు.

అప్పుడు వాడిని అడిగాను, "ఎప్పుడు లేచి ఉంటుంది?" ఒక నిమిషం ఆలోచించి వాడే చెప్పాడు. వానలో లేచి ఉంటే ఆకులు తడిసేవి, కాబట్టి వాన తగ్గాకే లేచింది. ఆ మాటతో నాకు ప్రాణం లేచొచ్చింది. జాడ చదవడమంటే ఇదే.

ఇది పోతుదే అని ఎలా చెప్పాలి? పెద్ద పడక అన్న ఒక్క ఆధారంతో తొందరపడకండి, బాగా ఎదిగిన ఆడ దుప్పి పడక కూడా చిన్నదేం కాదు. చుట్టూ చూడండి. ఆడవి, పిల్లలు పడుకున్న చోట పడకలు గుంపుగా, చిన్నా పెద్దా కలిసి ఉంటాయి. ఒంటరిగానో, రెండు మూడు పెద్దవి ఎడంఎడంగానో కనిపిస్తే ఆశ పెట్టుకోవచ్చు. పడకనుంచి లేచిన జంతువు దగ్గర్లోనే పెంటికలు వేస్తుంది, మూత్రం పోస్తుంది. మగదాని మూత్రం వెనకగిట్టల గుర్తులకి ముందు పడుతుంది, ఆడదానిది వెనక పడుతుంది. మెత్తటి మట్టిలో ఇంతకంటే నమ్మకమైన గుర్తు లేదు.

తర్వాత పదిపదిహేను అడుగుల దూరంలో చెట్ల కాండాలు చూడండి. పోతు కొమ్ములు రుద్దిన చోట బెరడు లేచి లోపలి కర్ర కనిపిస్తుంది. తడిగా, లేత రంగులో ఉంటే కొత్తది. ఎండి నల్లబడితే పాతది. తలెత్తి కొమ్మలు కూడా చూడండి. పోతు వెనకకాళ్ళ మీద లేచి, పైకొమ్మకి ముఖం రుద్ది వాసన వదులుతుంది. మన దుప్పుల్లో కొమ్ములు రాలడం, మొలవడం అన్నింటికీ ఒకేసారి జరగదు. అందుకే ఏ నెలలో వెళ్ళినా ఎక్కడో ఒక చోట కొత్త రుద్దుడు దొరుకుతుంది.

కృష్ణజింకల లెక్క వేరు. ఇర్రి, అంటే మగ కృష్ణజింక, తన హద్దులో ఒకే చోట మళ్ళీ మళ్ళీ పేడ వేసి కుప్ప చేస్తుంది, ఆ కుప్ప మీదే కూర్చుంటుంది కూడా. బయలులో పాతా కొత్తా పెంటికలు కలిసిన కుప్ప కనిపిస్తే దూరంగా ఆగండి.

గాలి సంగతి. అమెరికాలో తెల్లతోక జింకల వెంట తిరిగేవాళ్ళు, పోతు గాలిని వీపుకి పెట్టుకుని, ఎదురుగా కళ్ళతో కాపు కాస్తుందంటారు. మనుషులకి అలవాటుపడ్డ మన దుప్పులకి అది అలాగే వర్తిస్తుందని అనుకోవద్దు. మోకాళ్ళ గుంటలు ఎటున్నాయో, ఆ పూట గాలి ఎటునుంచి వీస్తోందో రాసిపెట్టుకోండి.

ఒక్క విషయం గట్టిగా చెప్తాను. పడుకున్న జింకని లేపకండి. ఉదయం అది మేతకి పోయాకే పడక దగ్గరికి వెళ్ళండి. లేచి పరుగెత్తిన జింక రోడ్డు మీదికో, వీధికుక్కల నోటికో పోవచ్చు. రాలిన కొమ్ము దొరికినా ఇంటికి తేకూడదు, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఒప్పుకోదు. ఫొటో తీసుకుని అక్కడే వదిలేయండి.

ఈ వారం పని: మూడు పడకలు వెతకండి. ఒక్కోదానికి పొడవు, మోకాళ్ళ దిక్కు, మూత్రం ఎక్కడ పడింది, దగ్గర్లో రుద్దిన చెట్టు ఉందా, ఈ నాలుగూ రాయండి. ఆ కాగితాలతోనే అయిదో పాఠంలో పడకనుంచి మేతకి దారి గీద్దాం.