ట్రైలర్ ఎలక్ట్రిక్ బ్రేకులు – 3వ పాఠం: చక్రం విప్పకముందే కరెంటు కొలవండి

పోయిన పాఠంలో స్టార్ వీల్ (షూల మధ్య దూరం సరిచేసే పళ్ల చక్రం) తిప్పి బ్రేకు షూలను డ్రమ్ముకు దగ్గర చేశాం. చక్రం తిరగనంతగా బిగించి, మళ్లీ సన్నగా రాపిడి మిగిలేదాకా వదులు చేయమన్నాను. అది చేశాక కూడా ట్రైలర్ సరిగ్గా ఆగడం లేదా? డ్రమ్ము విప్పడానికి తొందరపడకండి. ముందు కరెంటు సంగతి చూద్దాం. దానికి చేతులకు గ్రీజు అంటదు, పావుగంట చాలు.

ఊళ్లో ట్రాక్టర్ వెనక ట్రక్కుకు వేరే బ్రేకులుంటాయని నేనెప్పుడూ అనుకోలేదు. ఇంజన్ ఆగితే అదీ ఆగేది. అమెరికా వచ్చి పికప్ వెనక మూడు టన్నుల ట్రావెల్ ట్రైలర్ తగిలించుకున్నాక, దిగుడు రోడ్డు మీద అది వెనకనుంచి తోసినప్పుడు గానీ తెలిసిరాలేదు.

మొదటి పాఠంలో చెప్పిన మాట ఒకటి గుర్తు చేసుకోండి. డ్రమ్ము లోపల మాగ్నెట్‌కు కరెంటు అందితే అది తిరుగుతున్న డ్రమ్మును పట్టుకుని కాస్త ముందుకు జరుగుతుంది. ఆ కదలికతో లీవరు షూలను బయటికి నెడుతుంది. కాబట్టి ఎంత కరెంటు అందితే అంత పట్టు. 10 అంగుళాలు, 12 అంగుళాల డ్రమ్ముల్లో ఉండే మాగ్నెట్ ఒక్కోటి సుమారు 3 ఆంపియర్లు తీసుకుంటుంది. రెండు ఇరుసులు, నాలుగు చక్రాల ట్రైలర్ అయితే మొత్తం 12. ఈ పాఠమంతా ఈ అంకె మీదే నడుస్తుంది.

కావలసినవి: నిండా చార్జ్ అయిన 12 వోల్టుల బ్యాటరీ, 20 ఆంపియర్ల ఫ్యూజు ఉన్న వైరు, డీసీ చదివే క్లాంప్ మీటర్ (వైరును కోయకుండా దాని చుట్టూ పట్టి కరెంటు కొలిచేది). చవకరకం క్లాంప్ మీటర్లలో చాలావాటికి ఏసీ ఒక్కటే తెలుసు, కొనేముందు చూసుకోండి. మామూలు మల్టీమీటర్‌తో కొలుద్దామనుకుంటారేమో, దాని పెద్ద సాకెట్ సాధారణంగా 10 ఆంపియర్లకే. నాలుగు మాగ్నెట్లు ఒకేసారి లాగితే మీటరు ఫ్యూజు ఎగిరిపోతుంది. నాది అలాగే పోయింది. ఓమ్స్ కొలిచినా లాభం తక్కువ. నాలుగూ కలిస్తే ఒక ఓమ్ కన్నా తక్కువ వస్తుంది, అంత చిన్న అంకెలో మీటరు తీగల సొంత రెసిస్టెన్సే సగం మోసం చేస్తుంది.

చక్రాలకు అడ్డాలు పెట్టి, ట్రైలర్ ప్లగ్గును బండి నుంచి పీకేయండి. ఏడు పిన్నుల ప్లగ్గులో బ్రేకు వైరు నీలం, ఎర్త్ తెలుపు. ఫ్యూజు వైరుతో బ్యాటరీ ప్లస్‌ను నీలం పిన్నుకు, మైనస్‌ను తెల్లదానికి తగిలించి, నీలం వైరు చుట్టూ క్లాంప్ పెట్టండి. తగిలించే ముందు మీటరును సున్నా చేయడం మర్చిపోవద్దు.

12 దగ్గర చూపిస్తే వైరింగ్ బాగుంది, తప్పు బండిలోని కంట్రోలర్‌లోనో (ట్రైలర్ బ్రేకులకు కరెంటు పంపే పెట్టె), లేదంటే గ్రీజు తాగిన లైనింగుల్లోనో (షూల మీద ఉండే రాపిడి పొర) ఉంది. 9 వస్తే ఒక మాగ్నెట్‌కు కరెంటు అందడం లేదు. 6 వస్తే సాధారణంగా ఒక ఇరుసు మొత్తానికి దారి తెగింది. ఫ్యూజు ఎగిరితే ఎక్కడో షార్టు. అసలు తికమక పెట్టేది 8, 10 లాంటి అంకె. అన్ని మాగ్నెట్లూ పనిచేస్తాయి కానీ అన్నీ నీరసంగా ఉంటాయి. నా అనుభవంలో అందులో ఎక్కువ కేసులు ఎర్త్‌వే. కరెంటు పారుతుండగానే మీటరును వోల్టుల మీద పెట్టి, ఒక ముల్లు బ్యాటరీ మైనస్ మీద, రెండోది మాగ్నెట్ ఎర్త్ వైరు మీద ఆనించండి. అర వోల్టు దాటితే ఆ దారిలో తుప్పు పట్టిన జాయింటు ఉన్నట్టే. ఇరుసు కింద నీళ్లు, మట్టి పడే చోట వేసిన క్రింప్ జాయింట్లను (నొక్కి బిగించినవి) కోసేసి, సోల్డర్ చేసి హీట్ ష్రింక్ గొట్టం (వేడి చేస్తే ముడుచుకుని బిగుసుకునేది) తొడగండి. మాగ్నెట్ రెండు వైర్లలో ఏది ప్లస్, ఏది మైనస్ అన్న పట్టింపు లేదు, ఎలా కలిపినా ఫరవాలేదు.

ఇంకొకటి, చాలామంది వదిలేసేది. మీటరు చూస్తూ, ఇరుసు దగ్గర వైర్లను కదిలించండి. చాలా ట్రైలర్లలో ఒక పక్కనుంచి రెండో పక్కకు వైరు ఇరుసు గొట్టం లోపలినుంచే పోతుంది. ప్రయాణంలో ఊగి ఊగి ఇనుముకు రాసుకుని తొడుగు చిరుగుతుంది. నా ట్రైలర్‌లో కుడిపక్క బ్రేకు ఒకరోజు పట్టేది, ఒకరోజు పట్టేది కాదు. ఒక షాపులో రెండు మాగ్నెట్లు మార్చి డబ్బు తీసుకున్నారు, జబ్బు మాత్రం అలాగే ఉంది. చివరికి గొట్టం లోపలి వైరు వదిలేసి, బయటనుంచి కొత్త వైరు కట్టుకున్నాక ఆ టెన్షన్ వదిలింది.

క్లాంప్ చేతిలో ఉండగానే బ్రేక్‌అవే స్విచ్ కూడా చూసేయండి. ట్రైలర్ బండి నుంచి తెగిపోతే దీని పిన్ను ఊడి, బ్రేకులు వాటంతటవే పడతాయి. ముందు పరీక్ష బ్యాటరీని తీసేసి, ప్లగ్గు బండికి తగిలించి లేదని ఇంకోసారి చూసుకోండి. లేకపోతే వెనక్కి వచ్చే కరెంటుతో కంట్రోలర్ పోవచ్చు. ఇప్పుడు క్లాంప్‌ను స్విచ్ నుంచి మాగ్నెట్లకు పోయే వైరుకు మార్చి పిన్ను లాగితే ట్రైలర్ సొంత బ్యాటరీతో అవే 12 ఆంపియర్లు కనిపించాలి. చూసిన వెంటనే పిన్ను తిరిగి తోసేయండి, ఊరికే వదిలేస్తే మాగ్నెట్లు కాగుతాయి. అమెరికా ఫెడరల్ నిబంధన ప్రకారం వాణిజ్య వాహనాల ట్రైలర్ తెగిపోతే బ్రేకులు కనీసం 15 నిమిషాలు పట్టి ఉంచాలి. సొంత ట్రైలర్‌కైనా ఆ లెక్కే పెట్టుకుంటాను.

నాలుగో పాఠంలో డ్రమ్ము విప్పుతాం. ఈలోగా మీ ట్రైలర్ ఎన్ని ఆంపియర్లు లాగిందో తేదీతో సహా రాసిపెట్టుకోండి, మాగ్నెట్ అరుగుదల చూసేటప్పుడు ఆ అంకె కావాలి.