జాన్ లాక్‌ను చదవడం ఎక్కడ మొదలుపెట్టాలి

జ్ఞానమంతా అనుభవం నుంచే వస్తుందనే అనుభవవాదానికి పునాది వేసిన వారిలో ముఖ్యుడైన ఇంగ్లండు తాత్త్వికుడు జాన్ లాక్ (1632–1704) ప్రధాన గ్రంథం ‘మానవ అవగాహనపై వ్యాసం’ నాలుగు భాగాల పెద్ద పుస్తకం. పుట్టుకతో వచ్చే భావాలంటూ ఏవీ లేవని మొదటి భాగం నిండా సాగే ఖండన చాలామందికి విసుగు తెప్పిస్తుంది కనుక, దానిని తరువాతికి వాయిదా వేయడం మంచిది.

ముందుగా పాఠకులకు ఆయన రాసిన లేఖ చదవండి. తన గదిలో చేరిన ఐదారుగురు మిత్రుల చర్చ ఎటూ తేలకపోవడంతో, అసలు మన బుద్ధికి ఏవి అందుతాయో, ఏవి అందవో చూసుకోవాలని తోచిందని అందులో చెబుతాడు. 1671 ప్రాంతంలో మొదలైన ఆ ఆలోచన 1689 చివరలో పుస్తకంగా వచ్చింది. ఈలోగా ఆయన ఇంగ్లండు రాజకీయ నాయకుడు షాఫ్ట్స్‌బరీ ప్రభువు ఇంట వైద్యుడిగా పనిచేసి, రాజకీయ భయంతో 1683లో హాలండుకు పారిపోయాడు.

ఆ తరువాత రెండవ భాగంలోని మొదటి అధ్యాయం చదవాలి. మనసు రాతలేని తెల్లకాగితమనీ, దాని మీదికి వచ్చేదంతా ఇంద్రియానుభవం నుంచీ, మనసు తన పనులను తానే గమనించుకోవడం నుంచీ వస్తుందనీ అది చెబుతుంది. ఈ రెండో మూలాన్ని వదిలేయడం పరీక్షల గైడ్లకు అలవాటు.

ఎనిమిదవ అధ్యాయాన్ని మాత్రం చేతులతో చదవాలి. మూడు గిన్నెల్లో చేయి కాలనంత వేడినీళ్లు, చన్నీళ్లు, గోరువెచ్చని నీళ్లు తీసుకుని, కుడిచేతిని వేడినీటిలో, ఎడమచేతిని చన్నీటిలో కాసేపు ఉంచి, రెండింటినీ ఒకేసారి గోరువెచ్చని నీటిలో ముంచండి. అదే నీరు కుడిచేతికి చల్లగా, ఎడమచేతికి వెచ్చగా తగులుతుంది. ఒకే నీటిలో రెండూ ఉండలేవు కనుక, అవి సూక్ష్మకణాల కదలిక మనలో పుట్టించే అనుభూతులేనని లాక్ అంటాడు. కానీ ఒక బంతిని రెండు చేతులతో తడిమితే, అది ఒక చేతికి గుండ్రంగానూ మరో చేతికి పలకలుగానూ తోచదు. ఆకారం, కదలిక, సంఖ్య వంటివి వస్తువులోనే ఉండే ప్రాథమిక గుణాలనీ, రంగు, రుచి, వాసన వంటివి ద్వితీయ గుణాలనీ ఆయన చేసిన విభజనకు ఇదే ఆయువుపట్టు. బాదంపప్పును నూరితే తెలుపు మాసి, తీపి పోయి జిడ్డురుచి వస్తుందనే ఆయన ఉదాహరణను కూడా ఇంట్లోనే పరీక్షించవచ్చు.

ఇరవై మూడవ అధ్యాయంలో ఒక భారతీయుడు కనిపిస్తాడు. భూమిని ఏనుగూ, ఏనుగును తాబేలూ మోస్తున్నాయని చెప్పిన ఆయన, తాబేలును మోసేదేమిటని అడిగితే ఏదో తెలియనిదని బదులిచ్చాడట. ఎగతాళి ఆయన మీదే అనిపిస్తుంది గాని, గుణాలన్నిటికీ ఆధారంగా ‘ద్రవ్యం’ ఒకటుందని తేలిగ్గా చెప్పేసే యూరప్ పండితులకే ఆ దెబ్బ.

1694 నాటి రెండవ కూర్పులో చేరిన ఇరవై ఏడవ అధ్యాయంలో, రాకుమారుడి ఆత్మ తన జ్ఞాపకాలతో సహా చెప్పులు కుట్టేవాడి దేహంలో ప్రవేశిస్తే, ఆ వ్యక్తి రాకుమారుడేనని లాక్ తీర్పు చెబుతాడు. పరకాయప్రవేశం కథలు విన్న మనకు సన్నివేశం కొత్త కాదు. వ్యక్తిత్వాన్ని ఆత్మ మీద గాక చైతన్యం మీద నిలపడమే ఇందులో కొత్త.

ఇక్కడికి వచ్చాక, ప్రాథమిక గుణాలు మాత్రం మనసుకు తోచేవి కావా అని 1710లో నిలదీసిన ఐర్లండు తాత్త్వికుడు బర్క్లీని చదవాలి. జర్మన్ తాత్త్వికుడు లైబ్నిజ్ కూడా లాక్ గ్రంథానికి సుదీర్ఘమైన సమాధానం రాశాడు గాని, 1704లో లాక్ మరణించడంతో ప్రచురణ మానుకున్నాడు. అది 1765లో వెలువడింది.

రాజకీయ రచనలను చివరికి ఉంచుకోండి. సహజ హక్కుల గురించి రాసిన ఈయనే బానిసల వ్యాపారం చేసిన రాయల్ ఆఫ్రికన్ కంపెనీలో వాటాలు కొన్నాడు. బానిసపై యజమానికి సంపూర్ణాధికారమిచ్చిన 1669 నాటి కెరొలైనా (అమెరికాలోని ఇంగ్లీషు వలస) రాజ్యాంగం రాతపనిలో పాలుపంచుకున్నాడు. ప్రభుత్వంపై ఆయన రాసిన రెండవ గ్రంథంలో బానిసత్వం గురించిన నాలుగవ అధ్యాయాన్ని ఈ రెండు వాస్తవాలనూ ఎదుట పెట్టుకుని చదవాలి.