సేవ్ ది డేట్ కార్డు పంపేముందు చూసుకోవాల్సినవి

లగ్నపత్రిక రాసుకుని, మండపానికి అడ్వాన్స్ కట్టాకే, పెళ్లి తేదీ ముందుగా తెలిపే ఈ కార్డు పంపండి. మా ఇంట్లో తొందరపడి ముందే పంపాం, తేదీ మారింది. వారం రోజులు అందరికీ ఫోన్లు చేయడమే సరిపోయింది.

ఒంటిమిట్టలో పెళ్లయితే చైత్ర పౌర్ణమి దగ్గర్లో వద్దు. అప్పుడు రాములవారి కళ్యాణం, రూములు దొరకవు.

కార్డులో పేర్లు, తేదీ, వారం, ఊరు, ‘శుభలేఖ తర్వాత అందజేస్తాం’ అన్న ఒక్క మాట ఉంటే చాలు. ముహూర్తం అర్ధరాత్రి దాటాక ఉంటే ‘శనివారం రాత్రి, తెల్లవారితే ఆదివారం’ అని విడమరచి రాయండి. లేకపోతే సగంమంది మరుసటి రోజు సాయంత్రం దిగుతారు!

రాజంపేట, రాయచోటి వైపు చాలా ఇళ్లలో ఒకరైనా కువైట్‌లో ఉంటారు. సెలవు అడగాలి, టికెట్ కొనాలి. వాళ్లకు నాలుగైదు నెలల ముందే పంపండి.

మేనమామకు, పెద్దనాన్నకు మాత్రం కార్డుకంటే ముందు ఫోన్ చేయండి. ‘స్టేటస్‌లో చూసి తెలుసుకున్నాలే’ అని అలిగితే బతిమాలడం కష్టం. తర్వాత బొట్టుపెట్టి పిలవడం ఎలాగూ తప్పదు. పెళ్లికి పిలవదలుచుకోని వాళ్లకు కార్డు అసలు పంపొద్దు.