చిక్కటి సరుక్కి పంపు కొనేటప్పుడు హెచ్‌పీ ఆఖర్న అడగండి

మన ఒంగోలు, నెల్లూరు వైపు పంపు అనంగానే నోట్లోంచి వచ్చే మొదటి మాట "ఎన్ని హెచ్‌పీ?" అనే. బోర్లో దించే మోటారైనా రొయ్యల గుంటకి నీళ్ళు తోడేదైనా అట్టా కొనే అలవాటు, నీళ్ళకి అది చెల్లిద్ది కూడా. ఫ్యాక్టరీలో మొలాసిస్సో (చక్కెర మిల్లు మడ్డి) చేప నూనో లెసిథినో (సోయా నూనె తీసేటప్పుడు వచ్చే జిగురు) రాతి బురదో తోడాలంటే మాత్రం హెచ్‌పీ అన్నిటికన్నా చివర్న తేలే లెక్క, ముందు సరుకు సంగతి తేల్చుకోవాలి. నేను మేత మిల్లుల్లో మెయింటెనెన్స్ చూసినోణ్ణి, నాకు ఇది తెలిసొచ్చింది పుస్తకాల్లో కాదు, పగిలిన పంపుల దగ్గర.

చిక్కదనాన్ని సెంటీపాయిజుల్లో చెప్తారు. నీళ్ళు 1. ఆముదం 20 డిగ్రీల దగ్గర 1000 కి కాస్త అటూఇటూ, అదే ఆముదం 30 డిగ్రీలకి వచ్చేసరికి సగానికి పడిపోయిద్ది. రొయ్యల మేతలో కలిపే సోయా లెసిథిన్ 10,000 దాకా పోయిద్ది. అందుకని సప్లయర్ ఇచ్చిన కాగితంలో చిక్కదనం అంకె ఒక్కటే చూసి సరిపెట్టుకోకండి, ఎన్ని డిగ్రీల దగ్గర కొలిచారో పక్కన రాసుండాలి, అది లేకపోతే ఆ అంకెతో మీకు పనేం లేదు. మే నెలలో ట్రయల్ చేస్తే మన ఎండకి ఏదైనా నీళ్ళల్లే పారిద్ది, డిసెంబర్లో తెల్లారుజామున షిఫ్టు ఎక్కేవాడికి తెలుస్తది దాని అసలు రంగు. పంపు ఎంచుకునేది ఆ తెల్లారుజాము అంకె మీదే. ల్యాబుకి శాంపిల్ పంపేటప్పుడు కూడా రెండు మూడు టెంపరేచర్ల దగ్గర కొలవమని చెప్పండి. ఇంకో మెలిక ఏందంటే కొన్ని సరుకులు కదిలేకొద్దీ పల్చబడతాయి, పెయింటు, టమాటా సాస్ అట్టాంటివి, మొక్కజొన్న పిండి నీళ్ళల్లో కలిపింది జోరుగా తిప్పితే గట్టిపడిద్ది, ఈ సంగతి కూడా ముందే చెప్పాలి.

ఇప్పుడు మా మిల్లు కథ. లెసిథిన్ ట్యాంకు నేల మీద, గేర్ పంపు (రెండు పళ్ళ చక్రాలు తిరుగుతా సరుకుని తోసేది) అక్కడికి 20 అడుగుల దూరంలో, మధ్యలో ఒకటిన్నర అంగుళం పైపు. గంటకి 1000 లీటర్లు కావాలి. చలికాలం రాంగానే పంపు మొదలుపెడితే రేకు డబ్బాలో కంకర పోసి ఊపినట్టు ఒకటే చప్పుడు, అవతల సరుకు బొట్టు బొట్టు. ఓనరు గారు "పంపు చాల్లేదబ్బా" అని ఇంకా పెద్దది తెప్పించారు, 5 హెచ్‌పీ. చప్పుడు రెండింతలైంది, సరుకు మాత్రం అంతే.

తర్వాత కూర్చుని లెక్కేస్తే, ఆ పైపులో అంత చిక్కటి సరుకు ఆ జోరున కదలాలంటే రెండున్నర బార్ (ఒత్తిడిని కొలిచే లెక్క) పైనే తోపు కావాలి. పంపు నిజానికి దేన్నీ లాగదు, అది తన ముందు ఖాళీ చేస్తే బయటి గాలి సరుకుని లోపలికి తోస్తది, ఆ గాలి బలం మొత్తం కలిపి 1 బార్. ఇంక ఎంత పెద్ద పంపు పెడితే ఏం లాభం? ఆ పైపు తీసేసి 3 అంగుళాలది వేశాం. పైపు వెడల్పు రెండింతలు చేస్తే ఇట్టాంటి సరుకులో రాపిడి పదహారో వంతుకి పడిపోయిద్ది, రెండు నాలుగుసార్లు హెచ్చవేసుకోండి, 16 వచ్చిద్ది. పంపుని ట్యాంకు పక్కకి జరిపి, ట్యాంకుని స్టాండు మీదకి ఎక్కించాం, బయట వేడి నీళ్ళ కాయిల్ చుట్టాం. పాత చిన్న పంపే మళ్ళీ పెట్టాం, కిమ్మనకుండా తోడింది. అందుకే చెప్తున్నా, సక్షన్ పైపు, అంటే ట్యాంకు నుంచి పంపులోకి వచ్చేది, పొట్టిగా, లావుగా, వంపులు తక్కువగా పెట్టుకోండి, సరుకు పై నుంచి పంపులోకి దిగేటట్టు చూసుకోండి.

పంపు రకం సంగతికొస్తే, రెక్కల చక్రం తిరిగి నీళ్ళు తోడే మామూలు సెంట్రిఫ్యూగల్ పంపు 100, 200 సెంటీపాయిజ్ దాకా ఏదో నెట్టుకొచ్చిద్ది, ఆపైన కరెంటు తాగుతా వేడెక్కుతా కూర్చుంటది. నూనె, మొలాసిస్, లెసిథిన్ లాంటి నలుసు లేని సరుక్కి గేర్ పంపు బంగారం. ముక్కలుండే పల్పు, పచ్చళ్ళ పేస్టు, నలిగితే పాడయ్యే సరుకైతే లోబ్ పంపు (పళ్ళకి బదులు గుండ్రటి రెక్కలు తిరిగేది) గానీ స్క్రూ పంపు (మెలికల కడ్డీ తిరిగేది) గానీ చూడండి. చీమకుర్తి వైపు గ్రానైట్ కోసే యూనిట్ల బురద ఉంది చూశారూ, అది చూడ్డానికి లప్పంలా మెత్తగా ఉంటది గానీ లోపలుండేదంతా రాతి పొడే, దాన్ని గేర్ పంపుకి ఇస్తే పళ్ళు అరిగిపోయి కొన్నాళ్ళకే తూకానికెయ్యాల్సొచ్చిద్ది. దానికి హోస్ పంపు మంచిది, సరుకు తగిలేది లోపలి రబ్బరు గొట్టానికి ఒక్కదానికే, అరిగితే గొట్టం మార్చుకుంటాం. బురదని పిండి నీళ్ళు వేరుచేసే ఫిల్టర్ ప్రెస్సుకి ఎక్కించడానికి ఎయిర్ డయాఫ్రం పంపు (కంప్రెసర్ గాలితో రబ్బరు పొర ఆడేది) కూడా వాడతారు, అది ఖాళీగా తిరిగినా పాడవదు, డెలివరీ, అంటే సరుకు బయటికి పోయే దారి, మూసుకుంటే దానంతటదే ఆగిద్ది, కాకపోతే కంప్రెసర్ కరెంటు బిల్లు వాచిపోయిద్ది, ఫ్లో కూడా దడదడమని వచ్చిద్ది.

గేర్, లోబ్, స్క్రూ ఏది కొన్నా రిలీఫ్ వాల్వ్ (ఒత్తిడి మితిమీరితే తెరుచుకుని వదిలేసేది) లేకుండా పెట్టొద్దు. సెంట్రిఫ్యూగల్ పంపుకి డెలివరీ వాల్వ్ కాసేపు మూసినా ఊరుకుంటది, ఇవి ఊరుకోవు, తోస్తానే ఉంటాయి, ఏదో ఒకటి పగిలేదాకా. మా దగ్గర కొత్త కుర్రాడు అలవాటు చొప్పున వాల్వ్ కట్టి టీకి పోయాడు, తిరిగొచ్చేసరికి మోటారుని పంపుకి కలిపే కప్లింగ్ ముక్కలు. తిట్లు వాడికి పడ్డాయి గానీ తప్పు రిలీఫ్ వాల్వ్ పెట్టని మాది.

స్క్రూ పంపులో లోపల స్టేటర్ అని రబ్బరు తొడుగు ఉంటది, సరుకు లేకుండా తిరిగితే నిమిషాల్లో మాడిపోయిద్ది, కాబట్టి డ్రై రన్ సెన్సార్ ఖర్చుకి వెనకాడొద్దు. రబ్బరు రకం కూడా అడగండి, నూనెలకి నైట్రైల్, వేడి నూనెకి వైటాన్, ఈపీడీఎం నూనెలో ఉబ్బి పంపుని బిగపట్టేస్తది. తినే సరుకైతే ఎస్ఎస్ 316 స్టీలు, ఫుడ్ గ్రేడ్ రబ్బరు, విప్పి కడుక్కునే వీలు ఉండాలి.

ఆఖర్న హెచ్‌పీ. గంటకి ఎన్ని క్యూబిక్ మీటర్లో దాన్ని పంపు ఇవ్వాల్సిన ఒత్తిడి బార్లతో హెచ్చవేసి 36 తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి. మాది గంటకి 1 క్యూబిక్ మీటర్, 6 బార్, అంటే 0.17. పంపు సగం పవర్ తినేస్తదనుకున్నా 0.34, అర హెచ్‌పీ కూడా కాదు. చల్లటి పొద్దున స్టార్టింగుకి మార్జిన్ వేసి ఒకటిన్నర హెచ్‌పీ పెట్టాం, చాలింది. ఆ 5 హెచ్‌పీది ఇంకా గోడౌన్లో పడుంది. మోటారు 1440 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) ది నేరుగా తగిలించొద్దు, గేర్‌బాక్స్ వేసి 100, 200 దగ్గర నిదానంగా తిప్పండి, సరుకు చిక్కబడేకొద్దీ స్పీడు తగ్గాలి.

డీలర్ దగ్గరికి పోయేటప్పుడు క్యాన్లో మీ సరుకు పట్టుకుపోండి, దాంతోనే తోడి చూపించమనండి, నీళ్ళతో చూపిస్తే ఒప్పుకోవద్దు. స్టేటరో సీలో పోతే రేటెంత, యాడ స్టాకుంది అని అడగండి, చెన్నై నుంచి రావాలి వారం పట్టిద్ది అంటే పంపుతో పాటే ఇంకోటి కొని స్టోర్లో పెట్టుకోండి, నీడలో, గ్రీజు తగలకుండా.